బీడీ మానేశానని చెప్పిన అబద్ధం

నా ఎడమ కాలికి ఏదో అయిందని మొదట కనిపెట్టింది నేను కాదు, నా భార్య నాగరత్న. ప్రొద్దుటూరులో మా ఇంటి ముందరి గదిలోనే నా పని. ఆ ఉదయం గొలుసు అతుకుతుంటే కుంపట్లోంచి ఒక నిప్పురవ్వ ఎగిరి నా కాలి రెండో వేలి మీద పడింది. నేను చూడలేదు. కాఫీ తెచ్చిన నాగరత్న గుమ్మంలోనే ఆగి, "ఏందిది, చర్మం కాలిన వాసన వస్తాంది?" అంది. వంగి చూస్తే వేలి మీద బొబ్బ, దాని నడుమ బొగ్గు నలుసు. నాకు మంటే తెలియలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

నేను బంగారం పని చేసేవాణ్ణి. అప్పుడు ముప్పై తొమ్మిదేళ్ళు. రోజుకు పది గంటలు బాసింపట్టు వేసుకుని కూర్చోవడమే నా బతుకు. అంతకు ఆరు నెలల ముందు నుంచీ మార్కెట్ దాకా నడిస్తే పిక్క పట్టేసేది, కాసేపు నిలబడితే వదిలేసేది. కూర్చుని కూర్చుని నరాలు బిగుసుకున్నాయని నాకు నేనే డాక్టరునై తేల్చేసుకున్నాను. బీడీల మీదికి మాత్రం నా అనుమానం పోలేదు. పదహారో ఏట మొదలుపెట్టాను, రోజుకు ముప్పై దాకా వచ్చాను. ఎదురుగా ఎప్పుడూ కుంపటి ఉంటుంది, పటకారుతో నిప్పు తీసి అంటించుకోవడమే. అగ్గిపెట్టె కొన్న జ్ఞాపకం కూడా నాకు లేదు.

బొబ్బ మానలేదు. వీధిలోని డాక్టరు షుగర్ పరీక్ష చేయించాడు, షుగర్ లేదు. పూతమందు ఇచ్చాడు. మూడు వారాలకు వేలి కొన నల్లగా, ఎండిన ఖర్జూరంలా అయింది. పడుకుంటే ఒకటే పోటు. కాలు మంచం మీంచి కిందికి వేలాడేస్తే తప్ప కన్ను మూతపడేది కాదు. నాగరత్న ఇక నా మాట వినకుండా జమ్మలమడుగులో ఒక ఆసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడ రక్తం పారే చప్పుడు వినిపించే డాప్లర్ పరీక్ష చేశారు. కాలికి జెల్ పూసి, పెన్ను లాంటిది పెట్టి కదుపుతుంటే కుడి కాల్లో ధబ్ ధబ్ అని వినబడింది. ఎడమ పాదంలో ఎంత వెతికినా ఏమీ వినబడలేదు. అంత భయం నాకు అంతకు ముందెప్పుడూ వేయలేదు.

"రోజుకు ఎన్ని బీడీలు?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఒక పది ఉంటాయేమో మేడమ్."

"ముప్పై," అంది నాగరత్న, నా వైపు చూడకుండా.

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. "దీన్ని బర్జర్స్ డిసీజ్ అంటారు. పొగాకు వల్ల చిన్న రక్తనాళాలు వాచి మూసుకుపోతాయి. వేలికి వచ్చింది డ్రై గాంగ్రీన్, అంటే రక్తం అందక ఎండి చచ్చిపోయింది. వేలు తీసేయాలి. బీడీ మానితే అక్కడితో ఆగుతుంది, మానకపోతే పాదం, ఆ తర్వాత మోకాలు. నేనిచ్చే మందులు తోడుకే. మానడానికి కొందరు నమిలే నికోటిన్ చూయింగ్ గమ్ కూడా మీకు వద్దు, అందులో ఉండేదీ నికోటినే."

వేలు తీసేశారు. పక్క మంచం మీద ఓబులేసన్న ఉన్నాడు. పులివెందుల దగ్గర పల్లె, గొర్రెలు కాసే కుటుంబం, ఈమధ్య కొంచెం చీనీ తోట, అదే బత్తాయి తోట కూడా పెట్టుకున్నాడు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఆయనదీ ఇదే జబ్బు, కుడి కాలు. ఆయన తువ్వాలు మడతలో బీడీలు దాచుకున్నాడని రెండో రోజే పసిగట్టాను. సిగ్గు విడిచి నేనే అడిగాను. "తీసుకోప్పా, మనకు మనం లేకుంటే యాట్ల," అని ఒకటిచ్చాడు. ఇద్దరం కుంటుకుంటూ కొళాయి వెనక్కి పోయి తాగుతూ డాక్టరమ్మకు దొరికిపోయాం.

ఆమె మమ్మల్ని మంచాల మీద కూర్చోబెట్టింది. "నేను మీ వెంట మీ ఊళ్ళకు రాలేను. ఇద్దరూ దొంగలే గాబట్టి ఒకరికొకరు కాపలా ఉండండి. తాగాలనిపించినప్పుడు ఫోన్ చేసుకోండి. ఆ గుంజుడు ఐదారు నిమిషాలే ఉంటుంది, అంతసేపు మాట్లాడండి చాలు," అంది. అక్కడే నంబర్లు తీసుకున్నాం.

ఇంటికొచ్చాక నేనొక తెలివి ప్రదర్శించాను. ఒక్కసారిగా మానడం కష్టమని, బంగారం తూచే కాటా మీద బీడీ పొగాకు తూచాను. ముప్పై బీడీలకు ఆరు గ్రాములు వచ్చింది. రోజుకు నూరు మిల్లీగ్రాములు తగ్గిస్తే రెండు నెలల్లో సున్నా! సన్న కత్తెరతో బీడీల కొనలు కత్తిరించి, తూచి, డబ్బీలో వరుసగా పేర్చుకునేవాణ్ణి. హారం చేసినా అంత శ్రద్ధగా చేసి ఉండను. రెండు వారాల తర్వాత కట్టు మార్పించుకోవడానికి పోయినప్పుడు ఈ లెక్క గొప్పగా చెప్పాను. డాక్టరమ్మ నవ్వలేదు. "ఇది బంగారం తూకం కాదప్పా. సగం తాగితే సగం జబ్బు రాదు, మొత్తం వస్తుంది. ఈ రోజు నుంచి సున్నా," అంది. పుండు అంచు మళ్ళీ నల్లబడుతోందని చూపించింది. డబ్బీని అక్కడి చెత్తబుట్టలోనే పారేసి వచ్చాను.

అసలు యాతన అప్పుడు మొదలైంది. నిప్పు ఎదురుగానే, చేతికందేంత దూరంలో. ఊదుగొట్టం నోట్లో పెట్టుకుంటే పెదాలు బీడీ అనుకునేవి. ధ్యాస నిలవక అతుకులు చెడిపోయేవి. మూడో రోజు ఉప్మాలో ఉప్పెక్కువైందని ప్లేటు గోడకేసి కొట్టాను. నాగరత్న గోడ తుడిచి, ఫోన్ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"ఏం చేస్తాండావు ఆచారీ?" అనేవాడు ఓబులేసన్న.

"చస్తాండానన్నా."

"ఉండుండు, నా కత జెప్తా విను," అని మొదలుపెట్టేవాడు. గొర్రెల మంద కాడికి ఎవరొచ్చినా బీడీ చేతికివ్వడం వాళ్ళలో మర్యాద. వద్దంటే తప్పు పడతారు. డాక్టరు వద్దందంటే ఒక్కడూ వినలేదట. అందుకని దేవుడికి మొక్కుకున్నానని చెప్పడం మొదలుపెట్టాడు. మొక్కంటే ఎవరూ బలవంతం చేయరు. "అయితే యా దేవునికని అడుగుతాండారప్పా. ఒకనికి ఒక దేవుని పేరు, ఇంకొకనికి ఇంకో దేవుని పేరు చెప్పి పెట్టినా. వాళ్ళిద్దరూ ఒక్కతాన కలిస్తే నా గతేమో!" ఆ మాటలకు నవ్వేసరికి ఆరు నిమిషాలు గడిచిపోయేవి. ఆయన గుంజుడు నాకు చెప్పేవాడు, నాది ఆయనకు చెప్పేవాణ్ణి. ప్రతి సాయంత్రం ఎన్ని రోజులైందో చెప్పుకునేవాళ్ళం. ఇద్దరి పుండ్లూ మానుతూ వచ్చాయి.

నలభై ఒకటో రోజు నేను తప్పు చేశాను. మా వీధిలో ఒక అలవాటు ఉంది. ఒకరి కుంపట్లో బీడీ అంటించుకుంటే ఆ కుంపటి మనిషికి ఒక బీడీ ఇచ్చి పోవాలి. నగలకు మెరుగు పెట్టే ముసలాయన ఒకరు ఆ మధ్యాహ్నం వచ్చి, నా సంగతి మరచిపోయి, నిప్పు తీసుకుని ఒక బీడీ నా పీట మీద పెట్టి వెళ్ళాడు. దాన్ని తీసి పారేయలేదు. ఫోనూ చేయలేదు. నలభై ఒక్క రోజులు ఉన్నవాణ్ణి, ఒక్క బీడీని చూస్తూ ఉండలేనా అనుకున్నాను. గంటసేపు అది అక్కడే ఉంది. పని మీద చూపు నిలవలేదు. తర్వాత పటకారు నా చేతిలో ఉంది, బీడీ నోట్లో ఉంది. సాయంత్రానికి మూడు తాగాను.

ఓబులేసన్న ఫోన్ వచ్చింది. "ఎన్ని దినాలాయె?"

"నలభై ఒకటి," అన్నాను.

"నువ్వు గెట్టోడివి ఆచారీ. నిన్ను చూసే నేనూ పట్టుకోనుండా," అన్నాడు.

ఆ మాట విన్నాక నిజం చెప్పలేకపోయాను. మరుసటి రోజు నలభై రెండు అన్నాను, ఆ తర్వాత నలభై మూడు. తొమ్మిది రోజులు చాటుగా తాగుతూనే అంకెలు చెప్పాను. పదో రోజు పాత పోటు మళ్ళీ మొదలయ్యేసరికి భయపడి, నాగరత్నకు చెప్పి ఏడ్చి మానేశాను. ఓబులేసన్నకు మాత్రం చెప్పలేదు. మళ్ళీ మానేశాను కదా, ఇక చెప్పి ఏం లాభం అని సర్దిచెప్పుకున్నాను.

ఆ రోజుల్లోనే ఆయన ఫోన్లు తగ్గాయి. నేను చేస్తే, "బాగుండాలే, పనిలో ఉండా," అని పెట్టేసేవాడు. నాకు అదే హాయిగా ఉండేది. ఇద్దరం కలవాల్సిన ఆసుపత్రి రోజుకు ఆయన రాలేదు. తర్వాతి వారమూ రాలేదు. ఫోన్ ఎత్తడం కూడా మానేశాడు. ఇక ఆగలేక, పొద్దున్నే పులివెందుల బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో ఆయన పల్లెకు పోయాను.

తోటలో బోరు పక్కన రేకుల షెడ్డు. ఆయన భార్య చెన్నమ్మ ఎదురొచ్చి, "నువ్వేనా ఆచారి?" అంది. "నీ పేరు చెప్పుకొనే కుమిలిపోతాండాడు. ఆచారి నిలబడె, నా చేత కాకపాయె అని. ఆసుపత్రికి రమ్మంటే రాడు."

లోపల మంచం మీద ఓబులేసన్న. కాలికి పాత చీర గుడ్డ చుట్టి ఉంది. గుడ్డలోంచి కుళ్ళు వాసన వస్తోంది. నన్ను చూసి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"యాల వచ్చినావు ఆచారీ? నేను తాగినా. ఇరవై దినాలాయె. రోగం తగిలి నాలుగు గొర్రెపిల్లలు ఒక్క దినమే చచ్చె. ఆ పొద్దు నీకు చేయల్లనే ఫోన్ తీసినా. నువ్వేమో గెట్టిగా ఉండావు. నీకు యా మొగం పెట్టుకోని చెప్పేది అని పక్కన పెట్టేసినా. ఇంక ఆపుకోలేకపోతి."

"అన్నా, నేనూ తాగినా," అన్నాను. "నలభై ఒకటని చెప్పినానే, ఆ పొద్దే తాగింటి. తొమ్మిది దినాలు తాగుతా నీకు అబద్ధం చెప్పినా."

ఆయన మెల్లగా ఇటు తిరిగాడు.

"యాల చెప్పలేదు?"

"సిగ్గేసి."

"నాకూ సిగ్గే కదరా!" అని అరిచాడు. ఆయన నన్ను రా అనడం అదే మొదలు. "నువ్వు చెప్పింటే నేనూ చెప్పింటిని కదరా!"

ఆసుపత్రికి పోదాం పాన్నా అని భుజం పట్టి లేపాను, ఈసారి కాదనలేదు. చెన్నమ్మ కారు పిలిపించింది. ముద్దనూరు మీదుగా ముగ్గురం జమ్మలమడుగు చేరాం.

డాక్టరమ్మ గుడ్డ విప్పి చూసింది. "ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు?" అని అడిగితే ఆయన, "బస్సు దొరకలేదమ్మా," అన్నాడు. నన్ను పట్టివ్వలేదు. నేనే జరిగిందంతా చెప్పాను. ఆమె విని, "ఇన్ఫెక్షన్ పాకింది. రెండు రోజులు ఇంజెక్షన్లతో చూద్దాం. ఆగితే వేళ్ళతో సరిపోతుంది. ఆగకపోతే మోకాలి కింద తీసేయాలి," అంది.

ఆ రెండు రోజులూ వరండా బెంచీ మీదే ఉన్నాను. గేటు బయట టీ బంకు, అక్కడ ఎవరో ఒకరు ఎప్పుడూ కాలుస్తూనే ఉండేవాళ్ళు. ఇంత జరిగాక కూడా, ఆయన కాలు నా కళ్ళ ముందే కుళ్ళుతున్నా, ఆ పొగ కోసం నా ఒళ్ళంతా గుంజింది. నా మీద నాకే అసహ్యం వేసింది. రెండుసార్లు గేటు దాకా పోయాను. రెండోసారి వెనక్కొచ్చి ఆయన మంచం పక్కన నిలబడి, "అన్నా, తాగల్లనిపిస్తాంది," అన్నాను. ఆయనకు అప్పటికి జ్వరం. కళ్ళు తెరవకుండానే నా మణికట్టు పట్టుకున్నాడు. తగ్గేదాకా వదల్లేదు.

మూడో రోజు కుడి కాలు మోకాలి కింద తీసేశారు.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. నా పాదం ఒక వేలు తక్కువగా నిలిచింది, మార్కెట్ దాకా ఆగకుండా నడుస్తున్నాను. కుంపటి తీసేసి గ్యాస్ టార్చ్ పెట్టుకున్నాను. ఓబులేసన్న పెట్టుడు కాలుతో తోటలో తిరుగుతాడు, చీనీ చెట్లకు నీళ్ళు తనే వదులుతాడు. గొర్రెల వెంట పోవడం ఆయన వల్ల కాదు. మందను అమ్మేశాడు. అమ్మిన రోజు నాకు ఫోన్ చేసి ఏడ్చాడు. నన్ను క్షమించానని ఆయన ఎప్పుడూ అనలేదు, నేనూ అడగలేదు. ఎన్ని రోజులైందని మాత్రం ఇప్పుడు లెక్కపెట్టుకోం. "ఈ పొద్దు తాగినావా?" అని ఒకటే ప్రశ్న.

పోయిన నెల ఒక పెళ్ళిలో ఎవరో అలవాటుగా బీడీ వెలిగించి చేతికిచ్చారు. ఒక దమ్ము లాగేశాను. రెండోది లాగకముందే పందిరి వెనక్కి పోయి ఫోన్ చేశాను. "అన్నా, తాగినా. ఇంకా చేతిలోనే ఉంది."

"పారెయ్. కాలితో తొక్కు. తొక్కినావా? ఇంగ విను," అని ఆరు నిమిషాలు నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ తిట్లు ఇక్కడ రాయలేను. ఒక్కటీ వదలకుండా అన్నీ విన్నాను.

మానాలనుకునేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. ఒక తోడును పెట్టుకోండి. మీరు జారితే, చేతిలో బీడీ ఆరకముందే ఆ మనిషికి చెప్పండి, మీకోసం కాకపోయినా ఆ మనిషి కోసం. నలభై ఒకటో రోజు సాయంత్రం నేను అలా చెప్పి ఉంటే, ఓబులేసన్న ఈ పొద్దు గొర్రెల వెంట నడుస్తూ ఉండేవాడు.