పొట్టు పొయ్యి మీద కాఫీ

మొన్న పాత ఇనప సామాన్లు కొనేవాడు వీధిలో కేకేస్తుంటే, మా కోడలు పెరట్లో రేకుల కింద పడి ఉన్న రంపపు పొట్టు పొయ్యిని బయటికి లాగింది. తుప్పు పట్టిన ఆ డబ్బాని వాడు కాలితో తన్ని చూస్తుంటే నా మనసు చివుక్కుమంది. ఇవ్వనని చెప్పి లోపలికి తెచ్చుకున్నాను.

నా ఈడు వాళ్లకి చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో జగ్గయ్యపేటలో మా వంటంతా మూడు పొయ్యిల మీద నడిచేది. అన్నం, కూర కట్టెల పొయ్యి మీద, పాలూ కాఫీ కిరసనాయిలు స్టవ్ మీద, వడియాల పిండి లాంటి పెద్ద వంటైతే పొట్టు పొయ్యి మీద. దానికి ముందే మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు దట్టించి, సీసాని తిప్పుతూ పైకి లాగి, కింద కన్నంలోంచి అంటించాలి. అంటుకుందంటే పొట్టంతా అయ్యేదాకా మండాల్సిందే, మధ్యలో ఆపడానికి లేదు.

మా మరిది నందిగామ కాలేజీలో చదివి, ఇంకా పైచదువులు చదివి, ఎనభైల్లో హైదరాబాదులో కంప్యూటర్లు తయారుచేసేచోట చేరాడు. అత్తగారు పోయాక వాణ్ణి పెంచింది నేనే కనుక, సెలవు దొరికితే చాలు, హైదరాబాదు రోడ్డు మీద చిల్లకల్లులో బస్సు దిగి వచ్చేసి వంటింటి గడప మీద కూర్చుని, అయిదో క్లాసుతో ఆగిపోయిన నాకు తన పనంతా చెప్పుకొచ్చేవాడు. అక్కడ ఒక పెద్ద యంత్రం, దానికి తోడు లెక్కలు మాత్రమే వేగంగా చేసే వేరే బోర్డులు ఉండేవట. ఒక్కోదానికి ఒక్కో భాష. మనిషి తనకేం కావాలో మామూలుగా రాస్తే చాలు, ఏ పని దేనికివ్వాలో చూసి, దాని భాషలోకి మార్చి పంచిపెట్టే సాధనం వీడు తయారుచేస్తున్నాడు. అది పూర్తయ్యేదాకా పెళ్లి మాట కూడా ఎత్తనిచ్చేవాడు కాదు.

ఓ పొద్దున వడియాల కోసం నేను దట్టించి పెట్టిన పొయ్యిని వాడే అంటించి, దాని మీద కాఫీ గిన్నె పెట్టుక్కూర్చున్నాడు.

"ఏరా, గుక్కెడు కాఫీకి ఇంత పొయ్యా? పెళ్లివారికి గానీ కాస్తున్నావా ఏంటి?" అన్నాను.

"మా ఆఫీసులోనూ ఇదే గొడవ వదినా! చిన్న పనికి ఆ లెక్కల బోర్డుల్ని పనిలోకి దింపకూడదు. ఏ పనికి ఏది చాలో నేను తయారుచేసేదే కనిపెట్టి చూసుకోవాలి."

"అయితే నువ్వు చేసేది వంటమనిషినన్నమాట" అంటే పడీపడీ నవ్వాడు. అప్పట్నించీ ఇంట్లో దాని పేరు వంటమనిషే అయింది.

కొన్నేళ్లకి అది పూర్తయింది. ఆ వెంటనే ఆఫీసువాళ్లు విదేశాల నుంచి కొత్త యంత్రం తెప్పించి, ఆ బోర్డుల్ని పక్కన పడేశారు. బోర్డులతో మాట్లాడే కాస్త భాగం మారిస్తే చాలు, మిగతాదంతా కొత్తదానికీ పనికొస్తుందని ఎంత మొత్తుకున్నా పైవాళ్లు వినలేదు. వీణ్ణి వేరే పనికి మార్చారు.

ఇంటికొచ్చి గడప మీద కూర్చున్నాడు. మాకప్పుడే గ్యాసు వచ్చింది.

"పొయ్యి మార్చావా వదినా? మరి వంటెవరు చేస్తున్నారు?"

సంగతి తెలియక, "ఇంకెవరు, నేనే. పొయ్యి మారితే వంటమనిషిని పంపేస్తారా ఎక్కడన్నా?" అన్నాను. వాడు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. వాడు పెద్దయ్యాక ఏడవగా చూడటం నాకదే మొదలు. ఆ తర్వాత పెళ్లి చేసుకున్నాడు, ఉద్యోగం చేశాడు, వచ్చినప్పుడల్లా ముందుగదిలోనే కూర్చుని అందరి యోగక్షేమాలూ అడిగేవాడు. తన పని గురించి మాత్రం పోయేదాకా ఒక్క మాట చెప్పలేదు.

ఇప్పుడు చేతిలో పట్టే ఫోనులో కూడా రకరకాల చిప్పులుంటాయనీ, వాటికి పని పంచిపెట్టే సాధనాలు లేనిదే ఏదీ నడవదనీ మా మనవరాలు చెబుతుంది. పొట్టు పొయ్యిని తుడిచి వంటింట్లో పెడదామని చూశాను. కొత్తగా కట్టించిన వంటిల్లు, తలుపూ లేదు, గడపా లేదు. ఎవరైనా తన పని చెప్పుకోవాలని వస్తే ఎక్కడ కూర్చుంటారో.