చీటీలో రెండో లైను

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే "సాక్షి ఎవరు?" అని అడిగే రకాన్ని నేను. లా చదవకముందు నుంచీ అంతే. అమ్మ దిష్టి తీస్తున్నా వాదన పెట్టుకునేదాన్ని. "నీ నోట్ల నోరు పెట్టి ఎవ్వరు గెలువరే" అంటూ ఆమె మిరపకాయలు పొయ్యిలో పడేసి వెళ్లిపోయేది. అలాంటి నేను ఇది రాస్తున్నాను. తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. భయంతో కాదు, సంతోషంతో.

మాది తాండూరు. పెద్దేముల్ దగ్గర ఒక ఊళ్లో మాకు రెండెకరాల నల్లరేగడి ఉంది, నాయిన కంది వేస్తాడు. అది తాత కొన్న భూమి. అప్పట్లో చాలామంది రిజిస్ట్రేషన్ జోలికి పోకుండా తెల్లకాగితం మీద రాసుకుని వేలిముద్ర వేసేవారు. దాన్నే సాదా బైనామా అంటారు. అమ్మినాయన మనవడు ఆ భూమి తమదేనని వికారాబాద్ కోర్టులో కేసు వేశాడు. నాయిన బెదరలేదు. బైనామా పాడవకూడదని ఎన్నడో లామినేషన్ చేయించి బీరువాలో దాచుకున్నాడు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ తీసి చూపించేవాడు.

నేను బెంగళూరులో ఫాదర్లు నడిపే యూనివర్సిటీలో లా మూడో ఏడు చదువుతున్నాను. సాక్ష్యాల చట్టం అప్పుడే మొదలైంది. కొత్త బిచ్చగాడు పొద్దెరుగడు కదా, సెలవులకు ఇంటికొచ్చి కనిపించిన కాగితాన్నల్లా వెలుగులో పెట్టి చూడసాగాను. బైనామానూ అలాగే చూశాను. రాత, సంతకం, వేలిముద్ర అన్నీ ఒకే నలుపు.

"నాయినా, ఇది జిరాక్స్. అసలుది ఏడున్నది?"

"గిదే కద బిడ్డా అసలుది" అన్నాడు. తర్వాత తనే దాన్ని తీసుకుని కిటికీ దగ్గరకు నడిచాడు. ఆ నల్లటి వేలిముద్రను వెలుగులో పెట్టి చూశాడు.

తాత ఉన్నట్టుండి పోయాడు, ఎవరికీ ఏమీ చెప్పలేదు. ట్రంకు పెట్టె, దేవుడి పటాల వెనక, ధాన్యం పోసే గులిగి, అన్నీ గాలించాం. వచ్చే వాయిదాకు అసలు కాగితం లేకపోతే కష్టమని వకీలు సారు తేల్చేశాడు. నాయిన తిండి మానేశాడు. "మా నాయిన ఇచ్చిందే రెండెకరాలు. గది గూడ నిలుపుకోకపోతి" అని ఒకటే మాట. ఆ జిరాక్స్ సంగతి నేనే బయటపెట్టానని నాకు తప్పు చేసినట్టే ఉండేది.

వాయిదా సోమవారం. దానికి ముందటి బుధవారం నేను బెంగళూరులోనే ఉన్నాను. మా యూనివర్సిటీలో ఒక అలవాటుంది. చాపెల్ గుమ్మం పక్కన తాళం వేసిన చెక్క డబ్బా ఉంటుంది. ఎవరి కోరిక వాళ్లు చీటీ మీద రాసి అందులో వేస్తారు. శుక్రవారం మధ్యాహ్నం పూజలో వాటిని పైకి చదివి, అందరూ కలిసి ప్రార్థిస్తారు. ఏ మతం వాళ్లయినా వేయొచ్చు. రెండేళ్లుగా నేను ఒక్కటీ వేయలేదు. ఆ రోజు వేశాను. "మా నాన్న భూమి అసలు కాగితం దొరకాలి." ఇంగ్లీషులో ఒక్క లైను. కేరళ నుంచి వచ్చిన నా రూమ్మేట్ మెరిన్ అది చూసి పగలబడి నవ్వింది. నాస్తికురాలు దారికొచ్చిందని చీటీ ఫోటో తీసి మా రూమ్ గ్రూపులో పెట్టింది. తర్వాత తనే డబ్బాలో వేసింది.

శుక్రవారం మెరిన్‌తో కలిసి వెనక బెంచీలో కూర్చున్నాను. చీటీలు చదివే వంతు ఎవరో మొదటి ఏడు అబ్బాయిది. పరీక్షలు, అమ్మమ్మ ఆపరేషన్, ఇలా చదువుతూ నా చీటీకి వచ్చాడు. "మా నాన్న భూమి అసలు కాగితం దొరకాలి" అన్నాడు. ఆగలేదు. "అది ఖాజామియా ఇంటి పెట్టెలో, ఆకుపచ్చ గుడ్డలో ఉంది" అని కూడా చదివి తర్వాతి చీటీ తీశాడు.

ఆ లైను నేను రాయలేదు. మెరిన్ నా చెయ్యి పట్టుకుంది. పూజ అయ్యీ కాకముందే పరుగెత్తి చీటీ అడిగి తీసుకున్నాను. రెండు లైన్లు. రెండూ నా రాతే, నా నీలం పెన్నే. ఖాజామియా అనే పేరు నేను పుట్టి బుద్ధెరిగాక విన్నది లేదు. డబ్బా తాళం చెవి తన దగ్గర పెట్టుకునే సిస్టర్‌ని అడిగితే, పూజకు ముందే తెరిచి చీటీలు ఆ అబ్బాయికిచ్చానంది.

చాపెల్ మెట్ల మీంచే నాయినకు ఫోన్ చేశాను. చీటీలో ఉన్న పేరు చెప్పాను.

"గా పేరు నీకెవరు చెప్పిన్రు?" అన్నాడు. ఖాజామియా తాతకు ప్రాణదోస్తట. నేను పుట్టకముందే పోయాడట. మా భూమి ఉన్న ఊళ్లో మొహర్రంకు ఊరేగించే పీరీలు ఆ ఇంట్లోనే ఉంటాయి.

ఆ సాయంత్రమే రైలెక్కాను. శనివారం పొద్దున నాయినా నేనూ షేర్ ఆటోలో ఊరికి పోయాం. ఖాజామియా కోడలు రజియా చాచి మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. పెట్టె మాట ఎత్తగానే తల అడ్డంగా ఊపింది.

"గా పెట్టె ఊకూకె తెరిచేది కాదు బిడ్డా. పీరీలు లేసినప్పుడే తెరుస్తం. అండ్ల కాగితమేడిది?"

పీరీల పండుగకు ఇంకా నెలలు ఉన్నాయి. వాయిదా ఎల్లుండి. నేను చేసేది లేక ఉన్నదున్నట్టు చెప్పి, చీటీ ఆమె చేతిలో పెట్టాను. ఇంగ్లీషు రాకపోయినా ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"చెప్పినోళ్లు ఉత్తగ చెప్పరు" అని లేచింది. స్నానం చేసింది, ఊదు వేసింది. కొడుకును పిలిచి ఫాతిహా చదివించాక పెట్టె తెరిచింది.

పైన గుడ్డలు చుట్టిన పీరీలు. అడుగున దట్టీలు, అంటే మొక్కుకున్నవాళ్లు పీరీలకు కట్టే గుడ్డలు. వాటిని పారేయరు, విప్పరు, ఏళ్ల తరబడి అలాగే ఉంచుతారు. తాత కూడా ఏటా దట్టీ ఇచ్చేవాడని నాయిన అన్నాడు. ఆకుపచ్చవి నాలుగు ఉన్నాయి. నాలుగోదాని కొంగున ముడి ఉంది. చాచి పళ్లతో విప్పింది. మడతలు పడిన కాగితం, దాని మీద ఊదారంగు వేలిముద్ర.

నాయిన దాన్ని కళ్లకద్దుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను చాచిని కావలించుకుని గంతులేశాను. ఆమె నన్ను పట్టుకుని "నిదానం బిడ్డా, పీరీల ముందర ఉన్నం" అంటూ తనూ నవ్వింది.

నా పనే అనుమానించడం కాబట్టి చేతనైనంత అనుమానించాను. చిన్నప్పుడు ఆ పేరు ఎక్కడైనా విని మర్చిపోయానేమో. రెండో లైను నేనే రాసి మర్చిపోయానేమో. కానీ మెరిన్ తీసిన ఫోటో ఉంది. అందులో ఒకటే లైను. పోనీ మెరిన్ ఆటపట్టించిందా అంటే, తాండూరు ఎటువైపు ఉందో కూడా దానికి తెలియదు. ఇక పెట్టెలో ఉన్న సంగతి పెట్టె గలవాళ్లకే తెలియదు.

సోమవారం కోర్టులో కాగితం దాఖలైంది. తర్వాతి వాయిదాకు నాయిన బోనెక్కాడు, నేను వెనక నిలబడ్డాను. అవతలి వకీలు పట్టు వదల్లేదు.

"ఇన్నేళ్లు లేని కాగితం ఇప్పుడెట్ల దొరికింది?"

"పీరీల పెట్టెల ఉండె సారు."

"అండ్ల ఉన్నదని ఎవరు చెప్పిన్రు?"

"మా బిడ్డ."

"ఆమెకెట్ల ఎరుక?"

నాయిన నా వైపు చూశాడు. ప్రమాణం చేసి బోనెక్కిన మనిషి, అబద్ధమాడడు.

"లా చదువుతున్నది సారు" అన్నాడు నాయిన.

కోర్టు హాలంతా నవ్వింది. జడ్జిగారు కూడా నవ్వాపుకుంటూ ఆ జవాబు టైపు చేయించారు. అవతలి వకీలు ఇంకేం అడగకుండా కూర్చున్నాడు. భూమి మాకు నిలిచింది. మొన్న పోయినప్పుడు కంది పసుపుపచ్చగా పూసి ఉంది.

చీటీ నా దగ్గరే ఉంది. ఫోన్లో ఫోటో తెరిచి రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తుంటాను. చీటీలో రెండు లైన్లు, ఫోటోలో ఒకటి. ఆ రోజు వకీలు అదే ప్రశ్న నన్ను బోనెక్కించి అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకు ఇప్పటికీ తెలియదు.