వాంపైర్ చెక్క మీది పగులు

బొమ్మ గడప దాటేటప్పుడు దాని లోపం నోట అనకూడదని పర్శరాములు వాళ్ల తాత పెట్టిన కట్టడి. అన్నారంటే చేసినవాళ్ల ఇంటికి మళ్లీ పని రాదట. నిర్మల్‌లో పొనికి కర్రతో బొమ్మలు చేసే ఆ ఇంట్లో ఈ మాట ఎవరూ జవదాటలేదు.

పోలీసు చర్య అయిన మూడేళ్లకు పర్శరాములు విమానదళంలో వడ్రంగిగా చేరాడు. అక్కడ అతని చేతికొచ్చింది వాంపైర్, మన దేశానికి వచ్చిన తొలి జెట్ యుద్ధవిమానం. రెక్కలు, తోక లోహమే గాని పైలట్ కూర్చునే ముందుభాగమంతా చెక్క. పలుచటి పలకల నడుమ పొనికి అంత తేలికైన కర్ర. పద్నాలుగేళ్లు దానికి అతుకులు వేశాడు.

అరవై ఐదు సెప్టెంబరు నాటికి వాంపైర్ ముసలిదైపోయింది. అయినా పాకిస్తాన్‌తో యుద్ధానికి అదే బయల్దేరింది. నాందేడ్ నుంచి వచ్చిన పైలట్ దేశ్‌పాండేకు తెలుగంటే సరదా. నిచ్చెన మీద కాలుపెట్టి, "ఏం ఉస్తాద్, ఎట్లున్నది మన బొమ్మ?" అన్నాడు.

పైలట్ ముందుండే అద్దం కింద సన్నటి పగులు పర్శరాములు కంట అప్పుడే పడింది. రంగులోనా, కర్రలోనా తెలియదు. చెబితే పరీక్షించేదాకా ఆ విమానం కదలదు.

"మంచిగున్నది సాబ్" అనేశాడు.

విమానం తిరిగి రాలేదు. శత్రువు తుపాకులకు కూలిందన్నారు.

మరుసటేడు పర్శరాములు కొలువు వదిలి నిర్మల్ వచ్చేశాడు. ఆ వేసవిలో దేశ్‌పాండే తండ్రి ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన బడిపంతులు, తెలుగూ వచ్చు. పర్శరాములు భార్య సక్కుబాయి చాయ్ పెట్టింది.

"ఆఖరుకు చూసింది నువ్వేనట. విమానం మంచిగనే ఉండెనా?" అని పంతులు అడిగాడు.

పర్శరాములు పగులు సంగతి చెప్పేశాడు.

"చెప్తే మావోడు ఆగేటోడా?"

"ఆగకపోతుండె మాస్టర్ సాబ్. పక్కన ఇంకోటుండె, అదెక్కి పోతుండె. గదెక్కినా ఎదురుంగ తుపాకులు గవే. బతుకుతుండెనో లేదో నాకెర్క లేదు."

పంతులు చాయ్ ముట్టలేదు. "మంచిగుండెనన్న మాట ఇని పోదామని వచ్చిన" అని లేచి వెళ్లిపోయాడు.

"ముసలాయనకు గా ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయె?" సక్కుబాయి మండిపడింది. "నోరు మూసుకునే కాడ తెరుస్తవు!"

"తెరిసే కాడ మూసిన గదనే."

పర్శరాములు చెప్పులు తొడుక్కుని బస్టాండు దాకా పంతులుకు పది అడుగుల వెనకే నడిచాడు. బస్సెక్కబోతూ పంతులు వెనక్కి చూశాడు. ఇక దగ్గరికి రావద్దన్నట్టు చెయ్యి ఊపాడు.