యేసోబు మేస్త్రి ఆగమన్న ఇరుసు

ఆ మధ్య మిర్యాలగూడలో ఒక లారీ షెడ్డు ముందు నుంచి నడుస్తుంటే, లోపల ఎవరో ఇనుము మీద సమ్మెటతో బాదుతున్నారు.  ఆ చప్పుడు వింటూ పక్కనున్న అరుగు మీద కూర్చున్నాను. వయసులో ఉన్నప్పుడు నేనూ ఒక ఇరుసును అలాగే బాదాను. బాదానని అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. బండ్లు బాగుచేసే యేసోబు మేస్త్రి చేతి తప్పు వల్లనే ఆనాడు బండి పడిపోయిందని సూర్యాపేటలో కొందరు ఇప్పటికీ అంటారు. అది నిజం కాదు.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు నేను మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు సావుకారు దగ్గర కారు డ్రైవరుని. స్టీరింగు తిప్పడం తప్ప ఏమీ తెలియదు. ఆ తర్వాత తెలిసిందంతా సూర్యాపేటలో రోడ్డు పక్కన రేకుల షెడ్డులో యేసోబు మేస్త్రి నేర్పిందే. బండి తెచ్చిన డ్రైవరును ఆయన ఊరికే కూర్చోనిచ్చేవాడు కాదు. "నీ బండి కడుపుల ఏమున్నదో నువ్వు సూడకుంటె ఎవడు సూస్తడు? అంగీ ఇప్పి రా" అనేవాడు. చక్రం పైకి లేపి తిప్పి, స్క్రూడ్రైవరు ఒక కొన చక్రం నడిమి హబ్బు మీద, ఇంకో కొన చెవికి ఆనించి వినమనేవాడు. "ఇసుక నమిలినట్టు ఇనబడితే బేరింగు పోయినట్టే." వెనక చక్రంలో ఆ చప్పుడు నేనే పట్టుకున్న రోజు, "ఇన్నాళ్ళు బొమ్మ డ్రైవరువు. ఇప్పుడు జర మనిషివైనవ్" అని నవ్వాడు.

బెజవాడ నుంచి కొత్త బేరింగు తెప్పించాం. కానీ ఏళ్ళ తరబడి విప్పని హబ్బు ఇరుసును పట్టేసుకుంది. అది ఊడితే తప్ప బేరింగు చేతికి రాదు. మేస్త్రి హబ్బును బయటికి లాగే పుల్లర్ తగిలించి బిగించి, సందుల్లో కిరోసిన్ పోసి, చుట్టూ చిన్న సుత్తితో తట్టి చేతులు తుడుచుకున్నాడు.

"పొద్దుగూకేదాక నాననియ్యాలె."

"మా సావుకారు కోదాడ పెండ్లికి పోవాలె మేస్త్రీ. పొద్దటి నుంచి గుర్రుమంటుండు. సమ్మెటతో రెండు దెబ్బలేస్తే రాదా?"

"ఇరుసు కొన మీద సమ్మెటా? నీ నెత్తి మీద ఏస్త! గాస్‌నూనె దాని పని అది చేస్తది. నువ్వు చాయ్ తాగిరాపో."

ఆయన బువ్వ తినడానికి ఇంటికి వెళ్ళాడు. నేను పుల్లర్ తీసేసి, సమ్మెట ఎత్తి ఇరుసు కొన మీద బాదాను. చేతులు తిమ్మిరెక్కేదాకా బాదాక హబ్బు కదిలింది. ఇరుసు కొన మాత్రం చదునై, మరలు చెడిపోయాయి. ఆకురాయితో రుద్ది, గ్రీజు పూసి, పుల్లర్ మళ్ళీ తగిలించాను. మేస్త్రి వచ్చి ఒక్క చుట్టు తిప్పగానే హబ్బు ఊడి వచ్చింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"సూసినవా? నేననుకున్నదానికన్న ముందే దిగొచ్చింది. ఇనుముకు గూడ మర్యాద కావాలె నర్సయ్యా."

"అవును మేస్త్రీ" అన్నాను.

కొత్త బేరింగు వేసుకుని పెండ్లికి వెళ్ళాం. కోదాడ నుంచి తిరిగి వస్తుంటే, నా సమ్మెట దెబ్బలకు బీటవారిన ఇరుసు పుటుక్కున విరిగింది. చక్రం ఊడి పొలంలోకి పోయింది. బండి ఒరిగి సావుకారు తల్లి చెయ్యి విరిగింది. మరునాడు సావుకారు షెడ్డుకు వచ్చి, అక్కడున్న డ్రైవర్లందరి ముందు మేస్త్రిని నిలబెట్టాడు. "పని రానోనివి షెడ్డెందుకు పెట్టినవ్? పానాలు తీస్తవా?"

మేస్త్రి విరిగిన ముక్కను తిప్పి తిప్పి చూశాడు. "పుల్లర్ ఎక్కువ బిగించిన్నేమో" అని గొణిగి, నావైపు తిరిగాడు. "నర్సయ్యా, నువ్వు గాడనే ఉంటివి గద. ఎక్కువ బిగించిన్నా?"

కొలువు పోతుందన్న భయం తప్ప నాకు ఇంకేమీ తోచలేదు. "నేను సూడలే మేస్త్రీ" అన్నాను.

డ్రైవర్లు ఆ షెడ్డుకు రావడం మానేశారు. ఆయన కోదాడ వెళ్ళి సైకిళ్ళు బాగుచేసుకుంటున్నాడని తెలిసింది. ఆయన ఇచ్చిన చెవితోనే నేను ఇన్నేళ్ళూ బతికాను. ఇప్పటికీ పట్టేసిన ఇరుసు ఎదురైతే, ఎంత తొందరున్నా కిరోసిన్ పోసి పక్కన కూర్చుంటాను.

సమ్మెట చప్పుడు విన్న ఆ వారంలోనే కోదాడ వెళ్ళాను. మేస్త్రి ముసలివాడైపోయాడు. జరిగిందంతా చెప్పాను. ఆయన తన అరచేతులు చూసుకున్నాడు.

"అటెన్క ఇరుసు మీద చెయ్యెయ్యలే. నా చేతులే చెడినయనుకున్న. నా కొడుకు నేర్పుమంటే గూడ, నాకు రాదు బిడ్డా అన్న."

"తప్పయింది మేస్త్రీ."

"నా చెవిల చెప్పిపోతె అయిపోతదా? నన్ను నిలబెట్టింది నలుగురి ముందట. నడువ్, సూర్యాపేట పోదాం."

ఇద్దరం బస్సెక్కాం. సూర్యాపేటలో పాత డ్రైవర్లు చాయ్ తాగే హోటలు ముందు ఆయన ఆగాడు. ఆనాటివాళ్ళు కొందరు ఇంకా అక్కడ కూర్చుంటారు. వాళ్ళు తలలెత్తి చూశారు.  మేస్త్రి పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు.

"సావుకారు బండి ఇరుసును సమ్మెటతో కొట్టింది నేను" అన్నాను. "మేస్త్రి వద్దన్నడు. అయినా కొట్టిన. కొట్టి, సూడలేదన్న. ఆయన చేతుల తప్పేం లేదు." తర్వాత ఆయన వైపు తిరిగి, ఆ చేతులు రెండూ పట్టుకున్నాను. "నన్ను మన్నించు మేస్త్రీ."