గార్డు గవర్రాజు వేషానికి నేను పంపని టేపు

రెండు వేల ఇరవై రెండు, ఎండాకాలం. కాస్టింగ్ కోఆర్డినేటర్‌గా అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ల సర్వీసు. ఈ పని పేరు చెప్పగానే "అబ్బో, సినిమావాళ్లా!" అంటారు జనం. అంత సీనేం లేదు. మేడ్చల్ హైవే మీద టైల్స్ షాపు పైన రెండు గదులు, ఒక కూలరు, ఒక కంప్యూటరు, దాంట్లో వేల కొద్దీ ఫొటోలు. అదీ నా ఆఫీసు. షామీర్‌పేట ఫామ్‌హౌసుల్లో, కొంపల్లి విల్లాల్లో సీరియళ్లు, వెబ్ సిరీస్‌లు తీసేవాళ్లు "యాభై ఏళ్ల తండ్రి కావాలి, కోపిష్ఠి, బట్టతల ఉంటే మరీ మంచిది" అని కబురు పెడతారు. నేను వెతికి పంపిస్తాను.

అలా ఏ పాత్రకు ఎలాంటి మనిషి కావాలో రాసిన కాగితాన్ని మేం బ్రేక్‌డౌన్ అంటాం. అందులో పేరు, వయసు, ఆడా మగా, రంగు. రంగంటే ఒంటి రంగే. ఫెయిర్, వీటిష్, డార్క్ అని రాసుకుంటాం. సిగ్గుపడాల్సిన విషయమే గానీ, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. నా కంప్యూటర్లో ఫోల్డర్లు కూడా అలాగే ఉండేవి: "తల్లి రిచ్", "తల్లి పూర్", "లాయరు", "పనిమనిషి". ఎవరు ఏ ఫోల్డర్లో పడాలో నిర్ణయించేది నేనే. ఒకసారి పడ్డ మనిషి బయటికి రావడం మహా కష్టం.

ఆ ఏడాది కిరణ్ అనే కుర్ర దర్శకుడు నా దగ్గరికి గార్డు గవర్రాజు కథలు పట్టుకొచ్చాడు. నా వయసు వాళ్లకు ఆ పేరు చెబితే చాలు. గూడ్స్ బండి గార్డు. బండిలో, స్టేషన్లో ఏ దొంగతనం జరిగినా తేల్చేస్తాడు. ఎవరినీ కొట్టడు, తిట్టడు. అనుమానం ఉన్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "ముందు తాగు. బండి కదలడానికి టైముందిలే" అంటాడు. అంతే, వాడు గడగడా అంతా కక్కేస్తాడు. వారపత్రికలో ఏళ్ల తరబడి వచ్చాయి ఆ కథలు. మా నాయినకు మేడ్చల్‌లో కటింగ్ షాపుండేది. గిరాకీల కోసం తెప్పించిన పత్రికను వాళ్ల చేతికి పోకముందే నేను లాక్కుని చదివేదాన్ని. గవర్రాజంటే నాకు అంత ప్రాణం. అందుకే కిరణ్ పని ఒప్పుకున్నాను.

రెండు నెలలు మగవాళ్లను చూశాం. పేరున్నవాళ్లు, లేనివాళ్లు, స్టేజీ వాళ్లు, అందరూ వచ్చారు. ఎవరు నీళ్ల గ్లాసు అందించినా దొంగను పట్టుకున్న పోలీసులాగే ఉంది తప్ప గార్డు కనబడలేదు. ఒకరోజు కిరణ్ ఆఫీసుకొచ్చి, కూలరు ముందు కూర్చుని, మెల్లగా అన్నాడు.

"శోభక్కా, గార్డును ఆడమనిషిని చేస్తే ఎలా ఉంటుంది?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "దిమాక్ ఖరాబైందా నీకు? గవర్రాజుకు మీసం ఉంటది. గా మీసం దువ్వుకుంట ఆలోచన జేస్తడు. ఆడమనిషి ఏం దువ్వుకుంటది?"

"ఇప్పుడు ఆడవాళ్లు కూడా గార్డులుగా చేస్తున్నారక్కా."

"చేస్తే కొత్త కథ రాసుకో. ఎవరొద్దన్నరు? మా గవర్రాజును ఎందుకు చెడగొడ్తవ్?"

అతను వాదించలేదు. పది మంది ఆడవాళ్ల టేపులు పంపండి, చూద్దాం అన్నాడు. సెల్ఫ్ టేప్ అంటే ఆర్టిస్టు ఇంట్లోనే ఫోనులో తీసుకుని పంపే ఆడిషన్. నేను తొమ్మిది సేకరించాను. అన్నీ సీరియళ్ల మొహాలే, తెల్లగా, ఫుల్ మేకప్‌తో. అవి ఫెయిలవుతాయని నాకు తెలుసు. ఫెయిలవ్వాలనే ఏరి కోరి పట్టుకున్నాను. ఆ దెబ్బతో కిరణ్ తిక్క కుదిరి మళ్లీ మగవాళ్ల దగ్గరికి వస్తాడని నా లెక్క.

పదో టేపు పద్మది. నేను అడగలేదు, ఎవరి ద్వారానో విని తనే పంపింది. పద్మది షామీర్‌పేట. చెరువులో చేపలు పట్టే కుటుంబం. తల్లి ఇప్పటికీ రోడ్డు పక్కన చేపలమ్ముతుంది. పద్మకు నలభై ఒకటి. పద్నాలుగేళ్లుగా సీరియళ్లలో కాఫీ ట్రే పట్టుకుని వచ్చి, "అమ్మగారూ, ఎవరో వచ్చారు" అని వెళ్లిపోతుంది. నల్లని మనిషి, పక్కా తెలంగాణ యాస. పనిమనిషి ఫోల్డర్లో పెట్టింది నేనే.

ఆ టేపు మూడుసార్లు చూశాను. ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చుంది. మేకప్పు లేదు. గ్లాసు ముందుకు జరిపి, కాస్త ఆగి, ఎదుటి మనిషి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, జాలీ లేదు. నాకెంత టైమైనా ఉంది అన్నట్టు ఉంది. ఇన్నాళ్లూ మేం వెతికిన గార్డు ఫోనులో నన్నే చూస్తున్నాడు.

నేను ఆ టేపు పంపలేదు.

ఎందుకంటే, అది పంపితే కిరణ్ అన్నదే నెగ్గుతుంది. నా గవర్రాజు పోతాడు. తొమ్మిదే పంపి, పదోది దొరకలేదన్నాను. నా లెక్క ప్రకారమే అవన్నీ ఫెయిలయ్యాయి, కిరణ్ మళ్లీ మగవాళ్ల దగ్గరికే వచ్చాడు.

వారం తర్వాత పద్మ ఆఫీసుకొచ్చింది. చెప్పులు బయట విడిచి తలుపు దగ్గరే నిలబడింది.

"ఏమన్నరక్కా?"

"నచ్చలేదంట పద్మా."

"మొత్తం జూసిన్రా? నడిమిట్ల ఆపేసిన్రా?"

"మొత్తం చూసిన్రు."

"గట్లనా." బయట విడిచిన చెప్పుల వైపు తిరిగింది. "మంచిదేలే అక్కా. జీడిమెట్లల మందుల కంపెనీల ప్యాకింగ్ పనున్నదట. ఒకటో తారీకు కెల్లి రమ్మన్నరు. ఇగ అటే పోత. పద్నాలుగేండ్లాయె, ట్రే పట్టుకొని వచ్చుడు, పోవుడు. గిది ఆఖరి పాలి జూద్దామనుకున్న. వాళ్లు మొత్తం జూసినంక నచ్చలేదంటే, ఇగ నాకు ఈ పని రానట్టే గదా."

పని రానిది నాకు, ఆమెకు కాదు.

కథల హక్కులిచ్చిన రచయిత శేషగిరి గారు కొంపల్లిలో ఉంటారు. గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దాయన, ఎనభైకి దగ్గర పడ్డారు. గార్డు వేషం ఎవరు వేసినా తను చూసి సరేనంటేనే అని అగ్రిమెంట్లో రాయించుకున్నారు. నెలాఖరు శనివారం షామీర్‌పేటలో అద్దెకు తీసుకున్న ఇంట్లో ఆయన ముందు చివరి ఆడిషన్ పెట్టాం. ఒక్కరే మిగిలారు, కాస్త పేరున్న నటుడు. ఆయనా కాకపోతే సిరీస్ ఆపేద్దామని కిరణ్ తేల్చేశాడు. లైట్లు సరిచూసుకోవడానికి నటుడి స్థానంలో ఒక మనిషి నిలబడాలి. స్టాండ్ ఇన్ అంటాం. పాపం కడుక్కుందామనో ఏమో, ఆ రోజు కూలికి పద్మను పిలిచాను.

ఆడిషన్లో ఎదుటి పాత్ర మాటలు కెమెరా పక్కన ఒకరు చదువుతారు. దాన్ని క్యూ ఇవ్వడం అంటారు. నా ఆడిషన్లలో క్యూ నేనే ఇస్తాను, ఎవరికీ అప్పజెప్పను. ఆ రోజు నేను హమాలీని, బండి చివర గార్డు ఉండే బ్రేక్‌వ్యాన్‌లోంచి పార్సిల్ కొట్టేసిన దొంగను. నటుడు చక్కగా చేశాడు. మీసం ఉంది, గొంతు ఉంది. నేను కాగితం చూసి నా మాటలు చదివాను. పది నిమిషాల్లో అయిపోయింది.

"బానే ఉందండీ," అన్నారు శేషగిరి గారు. భోజనానికి పిలిస్తే "ఆకలి లేదండీ" అనే గొంతుతో. నటుడు వెళ్లిపోయాడు. కిరణ్ తల పట్టుకున్నాడు.

అప్పుడు లైట్ల మధ్యలోంచి పద్మ పిలిచింది. "సార్, నేనొక్కపాలి చెప్పనా? ఎల్లుండి కెల్లి ఎట్లాగూ రాను. నా తృప్తికి."

కిరణ్ చెయ్యి ఊపాడు, కానివ్వమన్నట్టు. కెమెరా ఎలాగూ ఆన్‌లోనే ఉంది. నేను మళ్లీ స్టూలు మీద కూర్చున్నాను.

పద్మ గ్లాసు నా ముందు పెట్టింది. "ముందుగాల నీళ్లు తాగు. బండి కదల్నీకె ఇంక టైమున్నది తియ్యి."

నా మొదటి క్యూ చదివాను. "నేనేం తీయలేదు."

"తీసినవని నేనన్ననా?" అంది. స్క్రిప్టులో ఉన్నదే, తన మాటలో. తర్వాత ఊరికే కూర్చుంది. అదే చూపు. ఒక్క క్షణం గోడ మీద గడియారం వైపు చూసి మళ్లీ నా వైపు చూసింది, నాకు బోలెడు టైమిచ్చినట్టు. నా రెండో క్యూ "నాకేం తెల్వదు". కాగితంలో కనబడుతూనే ఉంది. నోరు తెరిచాను.

"నీ టేపు నేను పంపలేదు పద్మా."

స్క్రిప్టులో గార్డు తర్వాతి మాట "ఎందుకని?" పద్మ అదే అడిగింది, తన మాటలో. గొంతు మారలేదు గానీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఎందుకు పంపలే?"

"బాగున్నదని. పంపితే నిన్నే తీసుకుంటరని. నా గవర్రాజు పోతడని. వాళ్లు సూడనే లేదు నీ టేపు, నేనే దాచిన. పనిమనిషికి గార్డు వేషమేందని కూడా అనుకున్న. పగోళ్లకు కూడా రావొద్దు గిసువంటి బుద్ధి." ఏడుపొచ్చేసింది. యాభై దాటిన దాన్ని, పదిమంది ముందు స్టూలు మీద కూర్చుని ముక్కు చీదుకున్నాను.

కిరణ్ లేచాడు. అతని మొహం నేను చూడలేకపోయాను. "ఇన్ని రోజులక్కా," అన్నాడు. "టేపు దగ్గర పెట్టుకుని ఇన్ని రోజులు నన్ను తిప్పారు. సిరీసే ఆపేసేవాణ్ణి." ఏమన్నా పడాల్సిందే, పడ్డాను.

అప్పుడు శేషగిరి గారు నవ్వడం వినబడింది. "ఆవిణ్ణి తిట్టకండి బాబూ. ఇందాక ఆ నటుడి ముందు కూర్చుని ఇవే మాటలు ఈవిడే చదివింది, చీమ కుట్టినట్టైనా లేదు. ఈ అమ్మాయి ముందు అబద్ధం చెప్పలేకపోయింది. నేను రాసింది అదేనండీ. అదొక్కటే రాశాను."

"మరి మీసం సార్?" అన్నాను. అంత జరిగాక కూడా నా నోరు ఊరుకోదు.

"మీసం నేనెక్కడ రాశానమ్మా? బొమ్మలేసినాయన పెట్టాడు. బావుందని ఊరుకున్నాను."

నేను నమ్మలేదు. ఆదివారం ఇంట్లో నాయిన దాచిన పాత పత్రికల కట్టలన్నీ దించి వెతికాను. బొమ్మల్లో ఉంది, కథల్లో ఎక్కడా లేదు. దువ్వుకోవడం నేను కల్పించుకున్నదే.

కానీ ఆ రోజు శేషగిరి గారికీ ఒక బాధ ఉంది. దాచుకోలేదు. "ఆడా మగా అన్నది నాకు పట్టింపు లేదు. మా గోదారి మాట పోతోందే, అది కాస్త కష్టంగా ఉందండీ. ఏదమ్మా, ఆ నీళ్ల మాట ఇంకోసారి అను." పద్మ అంది. ఆయన తల పంకించి, "మీరు కథను ఇక్కడికి మార్చారు కదా, మేడ్చల్ స్టేషన్లో ఉద్యోగం చేసే మనిషి మేడ్చల్ మాటే మాట్లాడుతుంది. కానివ్వండి" అన్నారు. కిరణ్ వెంటనే పద్మకు షూటింగ్ తేదీలు చెప్పాడు. ఆమె అక్కడే కూలబడి, కొంగు మొహాన కప్పుకుని చాలాసేపు కూర్చుంది. జీడిమెట్లకు పోలేదు.

సిరీస్ వచ్చాక నాకు తిట్ల ఫోన్లు చాలా వచ్చాయి. "మా గవర్రాజును చంపేశారు కదా!" అన్నాడొక పెద్దాయన. నేనూ అదే మాట అన్నదాన్నే, ఆయన మీద నాకు కోపం రాలేదు. రెండో భాగం చూసి చెప్పండన్నాను. మళ్లీ చేశాడు. "దొంగకు నీళ్లిచ్చినప్పుడు మాత్రం అచ్చం వాడేనమ్మా," అన్నాడు.

ఏ పాత్రనైనా ఎవరినైనా పెట్టి మార్చేయొచ్చని నేననను. గోల కోసం మార్చినవీ చూశాను, రెండు రోజులు కూడా నిలబడలేదవి. పాత్రను ఎలా గుర్తుపట్టాలో మాత్రం ఇప్పుడు నాకు తెలుసు. ఎదుటి మనిషిని అది ఏం చేస్తుందో చూడాలి. అందుకే నా బ్రేక్‌డౌన్లో ఆడా మగా గడి ఖాళీగా ఉంచి, రంగు గడి తీసేశాను. వచ్చిన ప్రతి టేపూ పంపుతాను. నాకు నచ్చినా, నచ్చకపోయినా. మనిషి ఆఖరి ప్రయత్నం నా చేతిలో ఉండొచ్చు, దాన్ని నొక్కిపెట్టే అధికారం నాకెవరూ ఇవ్వలేదు.

మొన్న ఒక సీరియల్లో జడ్జి వేషానికి పద్మకు ఫోన్ చేశాను. తేదీలు మాట్లాడుకున్నాక ఉండబట్టలేక అడిగాను. "నా మీద కోపం పోయిందా పద్మా?"

"పోలే అక్కా," అంది, అదే నెమ్మదితో. "నువ్వు చెప్పకపోయుంటే నాకు పనే రాదనుకుంట బతుకుదును. గది యాదికొస్తె ఇప్పటికీ మండుతది. గని వేషముంటె పిలువు, వస్త."

పిలుస్తూనే ఉన్నాను.