అంబుయా నిద్ర

క్లినిక్ ముందు జకరండా చెట్టు కింద ఆ చెక్క బల్ల ఇప్పటికీ ఉంది. సెకెసాయి అంబుయాయే లేదు. అంబుయా అంటే అవ్వ; ఆవిడ వాడంతటికీ అవ్వే. మనసు బాగోలేనివాళ్లతో మాట్లాడటానికి శిక్షణ పొంది, తలగుడ్డ మీద ఊదా పూలు రాలుతున్నా దులుపుకోకుండా పదేళ్లు అక్కడే కూర్చుంది.

భార్య పోయిన ఏడాది, క్లినిక్ నర్సు పంపితే, వ్యాను డ్రైవర్ టొంగాయి చిరాగ్గానే వెళ్లాడు. మాత్రలివ్వక ముసలమ్మతో కబుర్లేమిటి?

అంబుయా అక్కడి మర్యాద ప్రకారం మెల్లగా చప్పట్లు తట్టి పలకరించింది. "నిద్ర పట్టిందా నాయనా?"

మూడు నెలలుగా కంటి మీద కునుకు లేదు. అయినా హరారేలో పొద్దున్నే అందరూ అప్పజెప్పే జవాబే నోటికొచ్చింది. "మీకు పడితే నాకూ పట్టినట్టే, అంబుయా."

పలకరింపు అక్కడితో అయిపోవాలి. ఆవిడ కానివ్వలేదు.

"నాకు పట్టలేదు. మరి నీ సంగతి చెప్పు."

టొంగాయికి ఏడుపొచ్చింది. ఆరు బుధవారాలు వెళ్లాడు. నిద్ర తిరిగొచ్చింది.

నిన్న అంబుయా మనవరాలు అతని వ్యానెక్కింది.

"పాపం, అంబుయాకి నిద్ర పట్టేది కాదు కదమ్మా!"

ఆ పిల్ల పకపకా నవ్వింది. "మా అంబుయాకా? తల వాల్చిందంటే పిడుగు పడ్డా లేచేది కాదు బాబాయ్!"

టొంగాయి ఆ బల్ల ఎదుట బండి ఆపి, మెల్లగా చప్పట్లు తట్టాడు.