ఉడుము పోయిన ఇంటికి పరామర్శ

మా కాలనీలో ఎవరి చేతిలోనైనా ఒక జంతువు చచ్చిపోతే, సాయంత్రానికల్లా ఖాజా మొహినుద్దీన్ పరామర్శకు వచ్చేవాడు. ఎవరింటికో కాదు, చంపినవాళ్ళ ఇంటికే. చేతిలో స్టీలు టిఫిను, అందులో వేడి ఖిచిడీ. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, అందుకని.

చెప్పులు గడప బయట విడిచి, కుర్చీ అంచున కూర్చుని, కాసేపు నేల చూసి మెల్లగా అడిగేవాడు.

"ఎట్ల జరిగింది?"

తేలును కొట్టినవాడైనా చెప్పి తీరాల్సిందే.

"పెద్దదేనా?"

"పెద్దదే."

"బాధ పడ్డదా?"

"ఏమో సాబ్, చూడలె."

"ఎవలన్న ఉన్నరా పాపం దానికి?"

అన్నీ విని నిట్టూర్చి, "ఏం జేస్తం, మన చేతుల్ల ఏమున్నది," అని లేచేవాడు. అవతలివాడి చేతిలో ఇంకా కర్ర ఉండేది.

మడికొండ చివర, గుట్టను సగం తవ్వి కట్టిన కాలనీ మాది. మిగిలిన సగం మా వెనకే ఉంది. బండలు, సీతాఫలం తుప్పలు, కలేపండ్ల పొదలు. వాటిలో మాకంటే పాత కాపురస్తులు. ఉడుములు, ముంగిసలు, జెర్రిపోతులు, కౌజు పిట్టలు, నెమళ్ళు, ఒంటికన్ను ముసలి మగనక్క ఒకటి. వాటి దారుల మీద మేము రోడ్లు వేసుకున్నాం కనుక పరామర్శలకు కొదవ ఉండేది కాదు. తొలకరికి కప్పలు తారురోడ్డు మీద అప్పడాల్లా పడి ఉండేవి. ఆ రోజుల్లో ఖాజా సాబ్ ఇంట్లో దొరకడమే కష్టం.

ఇంతా చేసి ఆయనకు జంతువులంటే ప్రాణమేమీ కాదు, ప్రాణభయం. గోడ మీద తొండ తల ఊపితే, దానికి సలాం పెట్టి సందు చుట్టూ తిరిగి వచ్చేవాడు. లారీ సీట్లకు కవర్లు కుట్టి బతికిన మనిషి. పాములన్నీ ఆయనకు "పురుగు", పక్షులన్నీ "పిట్ట". చచ్చాక మాత్రం అన్నీ చుట్టాలే.

ఐటీ పార్కులో పనిచేసే సౌమ్య కారు కింద ముంగిస పడింది. ఖాజా సాబ్ ప్రత్యక్షం.

"అంకుల్, నేను కావాలని చెయ్యలేదు. సడెన్‌గా వచ్చింది."

"అవును బిడ్డా. సావు అట్లనే వస్తది. నువ్వు తిన్నవా?"

ఆ పిల్ల ఏడుస్తూనే టిఫిను ఖాళీ చేసింది.

కిరాణా దుకాణం రాంచందర్ షట్టరు దించితే అందులో ఇరుక్కుని గబ్బిలం పోయింది. మర్నాడు గిరాకీ మధ్యలో ఖాజా సాబ్ బియ్యం బస్తా మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. కొనడానికి వచ్చినవాళ్ళు గుసగుసలు మొదలుపెట్టారు.

"సేటు ఇంట్ల ఎవలు పోయిండ్రు?"

"ఎవల్లేదు! గబ్బిలం!" అని రాంచందర్ అరిచాడు.

"అయ్యో, ముద్దు పేరు కావచ్చు," అన్నదొకామె.

అప్పటినుంచి రాంచందర్ షట్టరు దించే ముందు తలుపు తట్టినట్టు తట్టేవాడు. కార్లవాళ్ళు గుట్ట మలుపు దగ్గర మెల్లగా పోయేవాళ్ళు, ఖిచిడీ భయానికి. ఆయన మమ్మల్ని సిగ్గుపరచడానికే వస్తాడని అందరం అనుకున్నాం.

ఆయన భార్య గౌసియా బేగం మాత్రం అనుకోవడాలు పెట్టుకునేది కాదు. "కప్ప సచ్చినా ఖిచిడీ, కాకి సచ్చినా ఖిచిడీ. ఇంట్ల బతికున్నోల్లకు ఏం వండాల్నో ఒక్కనాడన్న అడిగిండా?"

అన్నిటికంటే ఎక్కువ పరామర్శలు రాజేశ్వర్ రావు గారింట్లో జరిగేవి. ఆయన కాలనీ సంఘం అధ్యక్షుడు. అంతకు ముందటేడు భార్య పోయింది. దవాఖాన నుంచి ఆమెను తెచ్చిన రోజు గేటు ముందు కాలు పెట్టడానికి లేకుండా చెప్పులు. కర్మకాండ అయ్యాక ఆ గేటు తెరిచిన చప్పుడు వినలేదు. కొన్నాళ్ళకు ఆయన బాత్రూంలో దూరిన జెర్రిపోతును ఇనుపరాడ్డుతో కొట్టి చంపాడు. సాయంత్రం ఖాజా సాబ్ వెళ్ళాడు.

వారం తిరక్కముందే ఇంకో పాము. ఆ పై వారం కట్లపాము. తర్వాత రక్తపింజర. రావు గారు గేటు దగ్గర నిలబడి దారినపోయే వాళ్ళను పిలిచి మరీ చెప్పేవాడు. "ఇయ్యాల సుత ఒకటి వచ్చింది. కొట్టిన. ఖాజా సాబుకు జర చెప్పుండ్రి."

కాలనీకి చెమటలు పట్టాయి. సంఘం కార్యదర్శి మధు మీటింగు పెట్టాడు. "ఒక్క సార్ ఇంట్లనే ఇన్ని పాములంటే, గుట్టల ఎన్ని ఉండాలె?" ఆదివారం జేసీబీ తెచ్చి గుట్టను చదును చెయ్యాలని, తుప్పలు తగలబెట్టాలని, అక్కడ పార్కు కట్టి సిమెంటు జింకలు, సిమెంటు నెమళ్ళు నిలబెట్టాలని తీర్మానం. "పిల్లలకు జంతువులంటే ఇష్టం గద," అన్నాడు మధు. అధ్యక్షుడి కుర్చీలో రావు గారు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

నేను ఖాజా సాబును పట్టుకున్నాను.

"మీరు చెప్తె రావు గారు వింటరు. గుట్ట జోలికి పోవద్దని అడుగుండ్రి."

"పరామర్శకు పోయినోడు పని అడుగొద్దు, అన్నా. అడిగితే అది పరామర్శ గాదు."

"మరి గుట్ట మీదియి అన్ని పోతయి."

"పోతయి." గుట్ట వైపు చూశాడు. "గౌసియా దగ్గర ఖిచిడీ వండనీకి అంత పెద్ద గంజు లేదు."

శనివారం కబురొచ్చింది. రావు గారు ఉడుమును కొట్టాడట. ఈసారి నేనూ వెంట వెళ్ళాను. మేము వెళ్ళేసరికి వరండాలో టీ కప్పులు రెండు సిద్ధంగా ఉన్నాయి. నన్ను చూసి ఆయన మూడో కప్పు కోసం లోపలికి పరుగెత్తాడు.

"ఎట్ల జరిగింది?" అన్నాడు ఖాజా సాబ్.

"పొద్దుగాల వచ్చింది. ఒక్కటే దెబ్బ."

"బాధ పడ్డదా?"

"లే. అది సుఖంగనే పోయింది." రావు గారు కప్పు తిప్పుతూ కూర్చున్నాడు. "మా ఆమె శాన బాధ పడ్డది సాబ్. ఆఖర్ల నీళ్ళు గూడ మింగలేకపోయింది. చెంచతోని పోస్తే పెదవుల పొంటి కారేది..."

ఉడుము కథ రెండు ముక్కల్లో అయిపోయింది. ఆమె కథ టీ చల్లారేదాకా నడిచింది. ఖాజా సాబ్ ఉడుముకు ఊపినట్టే తల ఊపుతూ విన్నాడు.

అప్పుడు ప్రహరీ గోడ ఎక్కింది, నిక్షేపంలాంటి ఉడుము. తీరిగ్గా నాలుక ఆడించి మా ముగ్గురినీ చూసింది. రావు గారు దాన్ని చూడనట్టు కప్పులోకి తల దించాడు. ఖాజా సాబ్ రెండు కాళ్ళూ కుర్చీ మీదికి లాక్కున్నాడు. ముఖం తెల్లబోయింది. అయినా మర్యాద తప్పలేదు.

"దాని చుట్టం కావచ్చు రావు సాబ్. పరామర్శకు వచ్చినట్టున్నది."

తిరిగి వస్తుంటే ఆగలేకపోయాను. "ఆయన ఏదీ సంపుతలేడు ఖాజా సాబ్!"

"తెల్సు."

"ఎప్పట్నుంచి?"

"రెండో పురుగు కాడ్నుంచి. చూపియ్యమని అడగలె. అడిగితే లేదంటడు. లేదంటే నేను లేచి రావాలె. పెండ్లాం పోయి ఏడాది దాటె. ఇప్పుడు ఆమె కోసం పరామర్శకు వచ్చిన అంటే నన్ను పిచ్చోడంటరు." టిఫిను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని అన్నాడు, "పురుగు కోసమంటే ఎవలేమంటరు?"

ఆదివారం జేసీబీ వచ్చింది. దానికంటే ముందే రెండు సిమెంటు జింకలు ఆటోలో దిగాయి. బకెట్ పైకి లేచి మొదటి సీతాఫలం చెట్టు మీద వంగింది. రావు గారు బనీను మీదనే పరుగెత్తుకొచ్చి దాని ముందు నిలబడ్డాడు.

"ఆపుండ్రి! గుట్టల పాములు లెవ్వు. ఉన్నా నా ఇంటికి రాలె. ఆ జెర్రిపోతు తప్ప నేను ఏది సంపలె. అన్ని ఉత్తయే చెప్పిన."

"ఎందుకు సార్ మరి?" అన్నాడు మధు.

రావు గారు గుంపులో వెతికాడు. ఖాజా సాబ్ గుట్టకు దూరంగా, రెండు కార్ల మధ్య నిలబడి ఉన్నాడు.

"సావు అయితెనే గద ఆయన వచ్చేది."

తుప్పల్లో ఒక కౌజు పిట్ట గొంతు చించుకుంది. సౌమ్య ముక్కు తుడుచుకుంది. డ్రైవరు తల బయటపెట్టి, "మరి నేనేం కూలగొట్టాలె సార్?" అన్నాడు.

మధు గుట్టను చూశాడు, రావు గారి బనీనును చూశాడు. "ఏం లేదు, నువ్వు పో," అన్నాడు.

సిమెంటు జింకలు ఇప్పటికీ గుట్ట కింద ఉన్నాయి. నెమళ్ళు వాటి వీపు మీద రెట్టలు వేస్తాయి.

ఆ సాయంత్రం ఖాజా సాబ్ వెళ్ళలేదు. చావు లేదు, సాకు లేదు. మర్నాడూ వెళ్ళలేదు. గుమ్మంలో కూర్చుని ఖాళీ టిఫిను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. ఆ పై రోజు రావు గారే వీధిలోకి వచ్చి కేకేశాడు.

"ఖాజా సాబ్! గుట్ట మీద నెమలి పిల్లలు చేసింది!"

ఖాజా సాబ్ కంగారుగా లోపలికి తిరిగాడు. "గౌసియా, దీనికేం తీస్కపోవాలె?"

"పుట్టిన కాడికి ఖిచిడీ పట్టుకపోతరా? ఉండు, సేమ్యా చేస్త."

మలుపు దగ్గర ఇంకా ఏదో ఒకటి చస్తూనే ఉంది, ఖిచిడీ ఆగలేదు. కానీ రావు గారింట్లో మాత్రం ప్రతి వారం ఏదో ఒకటి పుడుతోంది. ముంగిస పిల్లల్ని పెట్టిందట. ఉడుము గుడ్లు పగిలాయట. మొన్న ఆ ఒంటికన్ను ముసలి మగనక్క కూడా ఈనిందట. ఖాజా సాబ్ తల్లీపిల్లల క్షేమం అడిగి వచ్చాడు.

గౌసియా బేగం మా గేటు దగ్గర ఆగి వాపోయింది. "సావులే నయముండె అన్నా. ఖిచిడీకి జీడిపప్పు అడగకపోతుండె."